పదహారు జానల ఇల్లు

పొద్దున్నే సరస్సు ఒడ్డుకి రాగానే ఆమె చేసే మొదటి పని నీళ్ళని కొలవడం. ఒడ్డున సగం నీళ్ళలో మునిగిన నిలువురాయి ఒకటుంది. దాని నెత్తి మీద బొటనవేలు ఆనించి, చిటికెనవేలు కిందికి చాచి, జాన తర్వాత జాన పెట్టుకుంటూ నీటి అంచు దాకా దిగేది. "ఇవాళ నాలుగు జానల రెండు వేళ్ళు" అని పైకే చెప్పేది, ఆ సంగతి నీళ్ళకి తెలియదన్నట్టు. తడిసిన వేళ్ళు కళ్ళకద్దుకుని, "దేవుడా, ఎక్కినవాళ్ళని ఎక్కినట్టే దింపు" అనేది. పదమూడేళ్ళలో ఆమె ఆ మాట ఒక్కరోజూ మానలేదు. పైవాడూ తన వంతు పని ఒక్కరోజూ మానలేదు.

ఆమె అద్దెకిచ్చేవి ప్యాడిల్ బోర్డులు. మనిషి వాటి మీద నిలబడి, ఒకే ఒక్క పొడవాటి తెడ్డుతో నీళ్ళని తోసుకుంటూ పోతాడు. ఆ పేరుకి నోరు తిరగక ఒడ్డున కూర్చునే పెద్దవాళ్ళు పలకలు అన్నారు, అదే నిలిచిపోయింది. పలకల మనిషి కాబట్టి ఆమె పలకమ్మ అయింది. తలమీద పలక ఉన్నప్పుడు ఎవరు పిలిచినా ఆమె వెనక్కి తిరిగేది కాదు, ఊఁ అనేది కూడా కాదు. "పలకమ్మ పలకదు" అని నవ్వుకునేవాళ్ళు. పలక దించాక ఆమె కూడా ఆ నవ్వులో కలిసేది. "నేను తిరిగితే పలకా తిరుగుతుంది. పలక తిరిగితే నీ మూతి ఉండదు" అనేది.

షెడ్డు నుంచి నీళ్ళ దాకా రెండొందల అడుగులు. ఆరు పలకలు, ఆరు విడతలు. ఒక్కోటి పదిన్నర అడుగుల పొడుగు, పన్నెండు కిలోలు. బరువు పెద్ద లెక్కలోది కాదు, బియ్యం బస్తా ఎత్తినవాళ్ళకి అదెంత! చిక్కంతా గాలితోనే. వెడల్పాటిది ఏది కనబడినా గాలికి చేతులు ఊరుకోవు. పలక పక్కనుంచి దొరికిందా, మోసే మనిషిని బొంగరంలా తిప్పి పడేస్తుంది. అందుకే పాత తువ్వాలు చుట్టచుట్టి తలమీద పెట్టుకుని, పలక ముక్కుని గాలి వచ్చే వైపుకి తిప్పి, గాలి ఎటు మళ్ళితే అటు తనూ కాస్త మళ్ళుతూ నడిచేది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఆమె చెప్పే మొదటి పాఠం కూడా అదే: "గాలికి ముక్కు చూపించు, పక్క చూపించకు."

సాయం పడతామని ఎవరైనా ముందుకొస్తే వద్దనేది. "ఇద్దరు పట్టుకుంటే ఒకడు ముందుకి లాగుతాడు, ఇంకొకడు కిందికి లాగుతాడు. మధ్యలో గాలి మూడోవాడు" అనేది. అది నిజమే. కానీ ఆమె అసలు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదన్నది కూడా నిజం. అడగకుండా ఇచ్చింది మాత్రం తీసుకునేది. రోజూ పదకొండింటికి అన్నయ్య ఇంటి నుంచి వదిన పంపే టీ ఫ్లాస్కు అలాంటిదే. పదమూడేళ్ళలో ఆ ఫ్లాస్కు కావాలని ఆమె అనలేదు, పంపుతున్నానని వదినా అనలేదు. ఫ్లాస్కు వచ్చేది, ఖాళీ ఫ్లాస్కు కడిగి వెళ్ళేది.

పలకల కంటే ముందు ఆమెది రొట్టెల బతుకు. భర్తకి ఒక వ్యానుండేది. బేకరీ నుంచి రొట్టెలు తీసుకుని తెల్లవారేలోపు వీధి వీధికీ, దుకాణం దుకాణానికీ వేసేవాడు. పక్క సీట్లో ఒళ్ళో బుట్ట పెట్టుకుని ఆమె. ఇరవై రెండేళ్ళు ఆమె ప్రపంచాన్ని ఆ పక్క కిటికీలోంచే చూసింది. ఏ వీధి చివర కుక్క అరుస్తుందో, ఏ దుకాణంలో ముసలాయన రొట్టె వాసన చూసి గాని లోపల పెట్టుకోడో, అన్నీ ఆమెకి తెలుసు. బండి నడపడం ఒక్కటి తెలియదు. "నువ్వు నేర్చుకుంటే నేను బుట్ట పట్టుకోవాలి" అని ఆయన నవ్వేవాడు. ఆయన పోయాక బండి షెడ్డు పక్కన టార్పాలిన్ కింద చేరింది.

అదే నెలలో ఈత నేర్పే ఒకావిడ ఊరు మారిపోతూ, నడుం దగ్గర పగిలిన బోర్డు ఒకటి ఒడ్డున వదిలేసింది. "పారేస్తావో, ఉంచుకుంటావో నీ ఇష్టం" అంది. ఈమె పగులుకి జిగురు పట్టించి గుడ్డ అతికి, గరుకు కాగితంతో మూడు రోజులు రుద్ది, నాలుగో రోజు నీళ్ళలో వేసి ఎక్కింది. వాళ్ళ అన్నయ్య గడియారాలు బాగుచేసే మనిషి, లెక్క లేకుండా ఏదీ చూడలేడు. ఒడ్డున నిలబడి, "ముప్పై ఒక్కసారి పడ్డావు" అన్నాడు.

"లేచినవి కూడా లెక్కపెట్టు అన్నయ్యా. ఒకటి ఎక్కువే తేలుతుంది" అంది ఆమె, ముక్కులో నీళ్ళు చీదుకుంటూ.

ఆమె జానని కొలిచింది కూడా ఆ అన్నయ్యే. జానలతో కొలిచి ఆమె చేసిన కర్ర పెట్టె మూత ఎక్కడా తేడా లేకుండా పడిందని తెలిసి, నమ్మలేక, తన ఉక్కు స్కేలు తెచ్చి ఆమె చెయ్యి బల్ల మీద చాపించి చూశాడు. సరిగ్గా ఎనిమిది అంగుళాలు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ ఎనిమిదే. "మనిషి ఒంట్లో స్కేలు పుట్టడమేమిటే!" అని కాసేపు ఆ చేతిని గడియారం చూసినట్టు చూశాడు.

యాభై ఏడో ఏట ఆమెకి ఒక కాగితం వచ్చింది. సరస్సు ఒడ్డంతా ఎవరికో కట్టడాలకి ఇచ్చేశారు, నెలాఖరు సాయంత్రం ఐదింటికల్లా షెడ్డు ఖాళీ చేసి తాళం అప్పగించాలి. తెచ్చిన గుమాస్తా ఒకప్పుడు ఆమె దగ్గరే పలక మీద నిలబడడం నేర్చుకున్నవాడు. కాగితం చేతికివ్వలేక బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద ఒక గులకరాయి పెట్టి, "నేను రాసింది కాదమ్మా" అన్నాడు.

"నీ దస్తూరీ నాకు తెలుసులే నాయనా. ఇంత బాగుండదు" అంది ఆమె.

కాగితం రెండుసార్లు చదివి తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది. చెవి వెనక ఉన్న పెన్సిల్ తీసి, అక్కడే, గుమాస్తా చూస్తుండగానే ఒక పొడుగు గడి గీసింది. గడి కింద రెండు చక్రాలు పెట్టింది.

"ఏమిటమ్మా అది?"

"ఇల్లు. ఒడ్డు మీవాళ్ళదైతే కానీ. చుట్టుపక్కల ఇంకా నాలుగు సరస్సులున్నాయి. ఒక్కోదాని ఒడ్డున వారం ఉంటే నెల గడిచిపోతుంది."

అన్నయ్య ఈ సంగతి తెలిసి ఇంత ఎత్తున లేచాడు. ఆయన అప్పటికే తన ఇంటి వెనక గదికి సున్నం వేయించాడు. కిటికీకి కొత్త రెక్కలు పెట్టించాడు. మంచం తలాపిన గోడ గడియారం కూడా తగిలించాడు, ఆమె ఉలిక్కిపడనంత మెల్లగా కొట్టేలా దాని గంటకి గుడ్డ చుట్టి మరీ.

"గది ఉంది, మేమున్నాం. ఇంకేం కావాలి నీకు? యాభై ఏడేళ్ళొచ్చి కాలికి బలపం కట్టుకుని తిరుగుతానంటావా?"

"చేతిలో పలకున్నాక కాలికి బలపం ఉండొద్దూ?"

వదిన వంటింట్లోంచి ఫక్కున నవ్వి, నవ్వు గిన్నెల చప్పుడులో దాచేసింది.

"నవ్వులాట కాదు. నీకు నడపడం వచ్చా?"

"బండి బాగుచేయించి, లైసెన్సు తెచ్చుకుని మూడేళ్ళైంది."

"రెండోసారికి."

"మొదటిసారి పక్క సీట్లో పరీక్షపెట్టేవాడికి ఒళ్ళో బుట్ట ఇద్దామనిపించింది. అలవాటుకొద్దీ."

అన్నయ్య నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆఖరికి ఒక మాటకి దిగాడు. "సరే. నీ పలకలు మూడు, పడక, పొయ్యి, నీళ్ళ డబ్బా. ఇవన్నీ ఆ రొట్టెల బండిలో పెట్టి, వెనక తలుపు మూసి చూపించు. ఎవరో నిచ్చెనేసి టాపు మీదికి ఎక్కించాల్సిన పని లేకుండా. నెలాఖరు ఐదింటిలోపు తలుపు పడితే నేను నోరెత్తను. పడకపోతే పలకలు ఎవరికైనా ఇచ్చేసి గదికి వచ్చేయ్."

"మాటేనా?"

"మాటే."

"పలకలు టాపు మీద పెట్టనని నీకెలా తెలుసు?"

"టాపు మీద పెడితే ప్రతి ఒడ్డునా ఎవరినో ఒకర్ని దించమని అడగాలి. నువ్వు అడగవు. నాకు తెలీదా నిన్ను?"

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. సుద్దముక్క తీసుకుంది, అదీ వదినని అడిగి కాదు, డబ్బా మూత తనే తీసి.

మర్నాడు అన్నయ్య ఇంటి ముందు సిమెంటు నేల మీద వ్యాను లోపలి జాగా మొత్తం అసలు కొలతలో సుద్దతో గీసింది. వెనక తలుపు నుంచి పక్క సీటు వీపు దాకా పదిహేను జానలు. పలక పొడుగు పదహారు జానలకి రెండు వేళ్ళు తక్కువ. ఎలా చూసినా ముక్కు ముందుకి పొడుచుకొస్తుంది. అందుకని ఆమె పక్క సీటు తీసేసి ఎడమవైపు పదహారు జానల పెట్టె ఒకటి చేయించాలనుకుంది. మూడు పలకలు ఒకదాని మీద ఒకటి పడుకునేంత పెట్టె. పెట్టె మీద పరుపు. కుడివైపు పొయ్యి, నీళ్ళ డబ్బా, బట్టల అర. మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి.

వదిన పొయ్యి బదులు బట్టల బుట్ట తెచ్చి పెట్టింది. నీళ్ళ డబ్బా బదులు ముక్కాలిపీట. ఇద్దరూ ఆ గీతల మధ్య ఒకరినొకరు రాసుకుంటూ తిరిగి చూశారు. పలకమ్మ నేల మీద పడుకుని చెయ్యి చాచి, లేవకుండానే పొయ్యి అందుతుందో లేదో చూసుకుంది. అన్నయ్య దుకాణానికి బయల్దేరుతూ అడ్డంగా నడిచొచ్చాడు.

"అన్నయ్యా, గోడలోంచి వచ్చావు."

ఆయన ఆగి, కిందికి చూసి, ఏం తోచక వెనక్కి వెళ్ళి సుద్దతో గీసిన తలుపులోంచి వచ్చాడు. వచ్చాక తనమీద తనకే కోపమొచ్చింది. "పక్క సీటు ఏది ఇందులో?"

"తీసేస్తున్నా."

"నువ్వు కూర్చున్న సీటది. ఇరవై రెండేళ్ళు."

"అందుకే. ఇక నేను కూర్చునేది ఇటు" అని సుద్దతో డ్రైవరు సీటు చోట గుండ్రటి చక్రం గీసింది. కాస్త గట్టిగానే గీసింది. సుద్ద విరిగింది.

పెట్టె చేయడానికి పిలిచింది పావుతక్కువ మేస్త్రీని. వడ్రంగంలో ఆయనకి పేరుంది. చిటికెనవేలి చివర మాత్రం కుర్రతనంలో రంపం తీసుకుపోయింది, అప్పటి నుంచి ఆ పేరూ ఉంది. మంచివాడు. చెక్క కోసేముందు దాన్ని ఒకసారి అరచేత్తో నిమిరేవాడు, ఆవుని నిమిరినట్టు. ఆమె కొలతల కాగితం ఇచ్చింది, ఖాళీ చెయ్యమన్న ఆ కాగితమే. వెనక ఇంటి బొమ్మ, ప్రతి గీత పక్కనా ఒక అంకె, అంకె పక్కన "జా".

"జానలా అక్కా?"

"జానలే మేస్త్రీ. వేలెడు తేడా రాకూడదు."

"నా చేతిలో తేడా వస్తుందా?" అన్నాడు ఆయన.

నెలాఖరు రోజు మధ్యాహ్నం మూడింటికి పెట్టె వచ్చింది. ఇద్దరు పనివాళ్ళతో ఎత్తించి వ్యానులో పెట్టించి, వెనక తలుపుకి ఆనించి మరలు బిగించి వాళ్ళని పంపేశాడు మేస్త్రీ. ఇంకో రెండు గంటలుంది. అన్నయ్య దుకాణం మూసి వచ్చి, సరస్సు ఒడ్డున సిమెంటు బల్ల మీద కూర్చుని జేబుగడియారం మోకాలి మీద పెట్టుకున్నాడు. వదిన ఆయన పక్కన, ఒళ్ళో ఫ్లాస్కు. తాళం తీసుకోవడానికి వచ్చిన గుమాస్తా కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

ఆరోజు గాలి ఎక్కువగా ఉంది. పలకమ్మ తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని మొదటి పలక ఎత్తింది. షెడ్డు గోడ దాటగానే గాలి కొట్టింది, పలక ముక్కు పక్కకి లాగింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, ముక్కుని మళ్ళీ గాలికి ఎదురు తిప్పి, ఒడ్డున ఉన్నవాళ్ళ గుండెలు కుదుటపడేలోపే బండి దగ్గరికి చేరింది.

"నేనో చివర పడతానుండు" అని అన్నయ్య లేచాడు.

ఆమె పలకలేదు. తలమీద పలక ఉంది.

వెనక తలుపు నుంచి పలకని పెట్టెలోకి తోసింది. సాఫీగా పోయింది, పోయింది, టంగుమని ఆగింది. ఇంకా రెండు జానలు బయటే ఉంది. మళ్ళీ తోసింది. ముందున్న అడ్డచెక్కకి తగిలి ఆగింది. ఆమె బండి ఎక్కి పెట్టె పొడుగు కొలిచింది. జాన, జాన, జాన. పద్నాలుగు. మళ్ళీ కొలిచింది. పద్నాలుగే.

"మేస్త్రీ, ఇది పదహారా?"

"పదహారేనక్కా. ఇదిగో చూడు" అని ఆయన తన చెయ్యి చాచి కొలిచాడు. సరిగ్గా పదహారు వచ్చింది. పదహారో జాన దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆయన తన చిటికెనవేలి వైపు చూసుకున్నాడు. ఆమె కూడా చూసింది. లేని ఆ వేలి చివర ఒక్కో జానకీ ఒక్కో అంగుళం తినేసింది.

"అయ్యో" అన్నాడు మేస్త్రీ. "అందరికీ టేపుతోనే కోస్తానక్కా. నువ్వు జానల్లో రాశావని, జానల మనిషికి జానల్లోనే చేద్దామని... నీ మీది గౌరవంతో..."

ఆయన మొహం చూడలేకపోయింది ఆమె. తప్పు ఆయనది కాదనిపించింది, తనదీ కాదనిపించింది. ఒక మాటని ఇద్దరు నమ్మారు, అంతే.

"ఎవరి జాన అని నేను రాయొద్దూ? ఊరుకో మేస్త్రీ. కళ్ళు తుడుచుకో, పొట్టు పడుతుంది."

"కొత్త చెక్క తెచ్చి మళ్ళీ చెయ్యాలంటే రెండు రోజులు..."

"నాలుగున్నర" అన్నాడు అన్నయ్య. విర్రవీగుతూ అనలేదు, గడియారం చూసి చెప్పాడంతే. బండి దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. "పక్క సీటు కూడా తియ్యలేదు నువ్వు."

"మరలు తుప్పుపట్టాయి. పొద్దున్నుంచి ఒక్కటి కూడా తిరగలేదు. సీటుండగానే పెట్టె పట్టినప్పుడే నాకు అనుమానం రావాల్సింది."

"అంటే పెట్టె పొట్టి, సీటు కదలదు, తలుపు పడదు." ఆయన గొంతు మెత్తబడింది. "దిగు అమ్మాయ్. చెయ్యగలిగినంతా చేశావు. ఎవరూ ఏమనరు. గదిలో గడియారం కూడా ఇవాళ పొద్దున్నే సరిచేసి వచ్చాను."

ఆ మెత్తదనమే ఆమెకి గాలిలా తగిలింది. కసిరినప్పుడు నిలబడడం తేలిక, బుజ్జగించినప్పుడే మనిషి పక్కకి తిరిగిపోతుంది. ఒక్క క్షణం ఆ సున్నం గోడలు, కొత్త రెక్కల కిటికీ, గుడ్డ చుట్టిన గంట కళ్ళముందు ఆడాయి. చల్లటి గది. పొద్దున్నే లేచి కొలవడానికి ఏమీ లేని గది.

ఆమె దిగలేదు. వ్యాను నేల మీద బోర్లా పడుకుని, పెట్టె పక్కనుంచి పాకి, పక్క సీటు కిందికి తల పెట్టింది. ఇరవై రెండేళ్ళు ఆ సీటు మీద కూర్చుంది గాని ఒక్కనాడూ దాని కిందికి చూడలేదు. నాలుగు ఇనప కాళ్ళ మీద ఎత్తుగా నిలబడి ఉందది. కింద ఒక ఎండిపోయిన రొట్టెముక్క, రాయిలా. మిగతాదంతా ఖాళీ.

లోపల్నుంచి గొంతు వచ్చింది. "సీటు కింద ఎత్తు రెండు జానలు. మూడు పలకలూ పేరిస్తే రెండు జానలకి రెండు వేళ్ళు తక్కువ. అన్నయ్యా, నీ స్కేలేది?"

"ఎందుకు?"

"ఇవాళ జానలకి పరువు పోయింది. నువ్వు కొలువు."

అన్నయ్య చొక్కా జేబులోంచి ఉక్కు స్కేలు తీశాడు. పందెం ఆయనది. చీకట్లో అర అంగుళం తగ్గించి చెప్పినా అడిగేవాళ్ళు లేరు. ఆయన ముక్కుతూ వంగి, అద్దాలు నుదుటి మీదికి తోసి, రెండుసార్లు కొలిచాడు. కొలత దగ్గర ఆ మనిషికి చెల్లెలైనా, పందెమైనా ఒకటే.

"పదహారు అంగుళాలు" అన్నాడు. "పూర్తిగా పదహారు. కాళ్ళ మధ్య వెడల్పు కూడా అంతే ఉంది." ఆ చివరి మాట ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"మేస్త్రీ, రంపం!"

"దేనికక్కా?"

"ముందున్న అడ్డచెక్క కోసేస్తా. పలక ముక్కు అక్కడ సన్నబడుతుంది. పెట్టె లోంచి బయటికొచ్చి సీటు కిందికి దూరుతుంది. నువ్వు పదహారు జానలు చేసుంటే పెట్టె ఇవతలి అంచు సీటుకి అడ్డం పడేది. పద్నాలుగు చేశావు కాబట్టి దారుంది."

"నేను కోస్తా ఉండక్కా."

"నీ చేతులు వణుకుతున్నాయి. ఇంకో వేలు ఎందుకు పోగొట్టుకోవడం?"

ఆమే కోసింది. పొట్టు కళ్ళలో పడుతుంటే కళ్ళు చికిలించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి కోసింది. చెక్క ఊడి కింద పడేసరికి ఐదుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. మొదటి పలక తోసింది. పెట్టె దాటింది, ముక్కు సీటు కాళ్ళ మధ్యకి వెళ్ళి, చెప్పు కాల్లో దూరినట్టు దూరింది. పరుగున వెళ్ళి రెండోది ఎత్తుకుంది. పరుగున అంటే, గాలి అనుమతించినంత పరుగు.

మూడో పలక కోసం వెళ్ళేసరికి అన్నయ్య గడియారం మూత తెరిచాడు. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"తొందరేం లేదండి. నా గడియారంలో ఇంకా పావుగంట ఉంది. ఇది కాస్త వెనక నడుస్తుంది."

"వెనకెలా నడుస్తుందయ్యా? మొన్న బుధవారం నేనే బాగుచేశాను. సెకను తేడా లేదు!"

"నిన్నటి నుంచి మళ్ళీ మొదలెట్టిందండి" అన్నాడు గుమాస్తా, మొహం ఏమాత్రం మారకుండా.

అన్నయ్య నోరు తెరిచాడు. వదిన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన తాగాడు.

కానీ ఆ దయ అవసరమే పడలేదు. మూడో పలక ఐదుకి నాలుగు నిమిషాల ముందే లోపలికి వెళ్ళింది. పడక పరిచింది. పొయ్యి పెట్టింది. నీళ్ళ డబ్బా తాడుతో కట్టింది. దిగి, ఐదుకి ఇంకా అరనిమిషం ఉండగానే వెనక తలుపు రెక్కలు రెండూ పట్టుకుని మూసింది. టక్కుమంది. చిన్న చప్పుడే. రొట్టెలు వేసి వెళ్ళేటప్పుడు ఇరవై రెండేళ్ళు విన్న చప్పుడే. ఈసారి మూసింది మాత్రం ఆమె.

ఆమె తలుపుకి వీపు ఆనించి నిలబడి, దుమ్ము పట్టిన వేళ్ళు కళ్ళకద్దుకుంది.

అన్నయ్య గడియారం చూశాడు, తలుపు చూశాడు. మాటంటే మాటే కాబట్టి నోరెత్తలేదు. ఎత్తకుండా ఉండడానికి ఆయన పడుతున్న బాధ ఒడ్డున అందరికీ కనబడింది.

"వదినేదీ?" అంది పలకమ్మ.

వదిన పక్క సీట్లో ఉంది. ఎప్పుడెక్కిందో ఎవరూ చూడలేదు. కాళ్ళ మడమలు పలకల ముక్కులకి ఆనించి, ఒళ్ళో ఖాళీ ఫ్లాస్కు పెట్టుకుని, అద్దంలోంచి ఎదర దారి చూస్తోంది.

"దిగు" అన్నాడు అన్నయ్య.

"ఒక్క నిమిషం. ఇక్కణ్ణించి బాగా కనిపిస్తోంది."

పలకమ్మ షెడ్డు తాళం గుమాస్తా చేతిలో పెట్టింది. అతను రెండు చేతులతో అందుకున్నాడు. షెడ్డు ముందు ఇంకా మూడు పలకలు మిగిలి ఉన్నాయి, గోడకి ఆనించి, గాలికి సన్నగా కొట్టుకుంటూ. వాటిలో నడుం దగ్గర గుడ్డ అతుకు వేసిన ఆ పాత పలక కూడా ఉంది. ఆమె వాటిని చూసింది, అన్నయ్యని చూసింది, నేలని చూసింది. యాభై ఏడేళ్ళలో అలవాటు లేని మాట అది, నోటిదాకా రావడానికి దానికి దారి తెలియలేదు.

"అన్నయ్యా, నువ్వు నోరెత్తనక్కర్లేదు. తలూపితే చాలు."

ఆయన కనుబొమలు ఎత్తాడు.

"నీ వెనక గది నాకొద్దు. ఇవాళా వద్దు, రేపూ వద్దు, ఒళ్ళు వంగిపోయినా వద్దు. కానీ ఒక సాయం చెయ్యి. ఆ గది నా పలకలకి ఇవ్వు. మూడున్నాయి. మంచం తీసేస్తే ఏటవాలుగా పడతాయి, సున్నం వేయించిన నాడే కొలిచాను. కిటికీ రెక్కలు తెరిచి ఉంచు, వాటికి గాలి కావాలి. గంటకి చుట్టిన గుడ్డ విప్పెయ్, అవేం ఉలిక్కిపడవు." ఆమె షెడ్డు వైపు తిరిగి తువ్వాలు నెత్తిన సర్దుకుంది. "ఇంకోటి. ఇవాళ గాలి మరీ ఎక్కువగా ఉంది. ఆ చివర కాస్త పట్టుకో."